ఆరు భాషలకు ఆరు పేర్లు కొనాలా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి. మా అత్తమ్మ, ఇద్దరు ఆడబిడ్డలు కొయ్యతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు, దువ్వెనలు చెక్కుతారు. ఇన్నాళ్లూ ప్రదర్శనల్లోనూ, దుర్గం చూడటానికి వచ్చేవాళ్లకూ అమ్ముకున్నాము. ఇప్పుడు తెలుగు, ఉర్దూ, తమిళం, కన్నడం, హిందీ, ఇంగ్లీషు భాషల్లో ఒక్కో వెబ్‌సైటు పెట్టాలనుకుంటున్నాము. ఒక్కో భాషకు ఒక్కో చిన్న పేరు తీసుకోమని, చుక్క తర్వాత ఆ భాష గుర్తునే పెట్టుకోవచ్చునని తెలిసినవారొకరు చెప్పారు. కొయ్యను కన్నడంలో ‘మర’ అంటారు కాబట్టి నాలుగు ఇంగ్లీషు అక్షరాల ఆ పేరు బాగుంటుందని మా మరిది అంటున్నాడు. అది అమ్మకానికి ఉన్నదని చెప్పిన దళారి అడిగే ధర మా ఏడాది సంపాదనకు దగ్గరగా ఉన్నది. తెలుగు అక్షరాల్లోనే పేరు పెట్టుకోవచ్చునని కూడా విన్నాము. చెంచా కాడ మీద వెబ్‌సైటు పేరును కాల్చి ముద్ర వేయాలని మా కోరిక. కాడ మీద బొటనవేలి పొడవు చోటే ఉంటుంది. ఏం చేయమంటారు?

సమాధానం: మీ ఉత్తరం చదివి అందరికంటే ముందు ఆ చెంచా కాడకు నమస్కారం పెట్టాలనిపించింది. పేరు ఎంత చిన్నదిగా ఉండాలన్న ప్రశ్నకు చాలామంది దగ్గర అభిప్రాయాలే ఉంటాయి. మీ దగ్గర కొలబద్దే ఉన్నది. నియమాల ప్రకారమైతే చుక్కకూ చుక్కకూ మధ్య 63 అక్షరాల దాకా, అన్నీ కలిపి 253 దాకా పేరు సాగవచ్చు. ‘ఉదయగిరి వుడెన్ కట్లరీ’ అని మూడు మాటలనూ కలిపి ఇంగ్లీషులో రాస్తే 22 అక్షరాలే కాబట్టి కంప్యూటర్ దాన్ని ఏ అభ్యంతరమూ లేకుండా ఒప్పుకుంటుంది, కానీ మీ కాడ ఒప్పుకోదు. కాల్చిన ముద్రలో అక్షరాలు మరీ చిన్నవైతే కొయ్య నారలో కలిసిపోతాయి గనుక, చుక్కతోనూ చివరి రెండక్షరాలతోనూ కలిపి పదికి లోపు ఉండాలని ముందే గీత గీసుకోండి.

నా అభిప్రాయం మొదటే చెప్పి కారణాలు తర్వాత వివరిస్తాను. ఆరు పేర్లు కొనవద్దు. ‘మర’ జోలికి పోవద్దు. ఒకే ఒక్క పేరును మన దేశపు గుర్తు డాట్ ఇన్‌లో తీసుకుని, ఆరు భాషలనూ దాని కిందే గదులుగా కట్టుకోండి.

చుక్క తర్వాత భాష గుర్తు పెట్టుకోవచ్చునని చెప్పినవారు రెండు వేర్వేరు పట్టికలను ఒకటిగా పొరబడ్డారు. భాషలకు రెండక్షరాల గుర్తులు ఇచ్చేది అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ పట్టిక ఐఎస్‌ఓ 639. దేశాలకు ఇచ్చేది ఐఎస్‌ఓ 3166. చుక్క తర్వాత వచ్చే రెండక్షరాలు ఈ రెండో పట్టికలోనివి. తెలుగు గుర్తు టీఈ, తమిళం గుర్తు టీఏ, హిందీకి హెచ్ఐ, ఉర్దూకు యూఆర్, ఇంగ్లీషుకు ఈఎన్. ఈ అయిదింటిలో ఒక్కటి కూడా చుక్క తర్వాత పెట్టుకోవడానికి లేదు. మీ ఆరు భాషల్లో కన్నడానికి మాత్రమే, కేఎన్ అన్న గుర్తు అక్కడ కనిపిస్తుంది. అయితే అది కన్నడం కోసం పుట్టినది కాదు, కరీబియన్ సముద్రంలో సెయింట్ కిట్స్, నెవిస్ అన్న రెండు దీవుల దేశానిది. రేపు మలయాళం చేరుద్దామనుకుంటే ఎమ్ఎల్ మాలీ దేశానిదని, మరాఠీకి పోతే ఎమ్ఆర్ మారిటేనియాదని, బెంగాలీకి పోతే బీఎన్ బ్రునైదని, గుజరాతీకి పోతే జీయూ గువామ్ దీవిదని తేలుతుంది. అంటే ఆ పద్ధతిలో మీ ఇంటి ఆరు తలుపుల్లో ఒకటి కరీబియన్‌లో ఉంటుంది, మిగతా అయిదు ఎక్కడా ఉండవు.

పరాయి దేశం గుర్తు మీద చిన్న పేరు కట్టుకోవడంలో ఇంకో చిక్కు ఉన్నది. ఆ దేశపు చట్టాలు, ఆ దేశపు రాజకీయాలు మీ పేరుకు వర్తిస్తాయి. లిబియా గుర్తు ఎల్‌వై కింద నడిచిన ‘వీబీ’ అన్న రెండక్షరాల పేరును 2010లో ఆ దేశంలో పేర్లు నమోదు చేసే రిజిస్ట్రీ తమ చట్టానికి విరుద్ధమని చెప్పి వెనక్కి తీసుకున్నది. బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుంచి బయటపడిన తర్వాత అర్హత కోల్పోయిన అక్కడివారి డాట్ ఈయూ పేర్లు 2021లో నిలిచిపోయాయి. యజమానులు చేసిన తప్పేమీ లేదు, కాళ్ల కింద నేల మారిందంతే. మాలీ గుర్తుది మరో రకం కథ: అమెరికా సైన్యపు చిరునామాలు ఎమ్ఐఎల్‌తో ముగుస్తాయి, నడుమ ఐ అక్షరం తప్పిపోతే ఎమ్ఎల్ అవుతుంది. అలా ఒక్క అక్షరం జారి సైన్యానికి పోవలసిన ఉత్తరాలు ఏళ్ల తరబడి మాలీ వైపు పోతున్న సంగతి 2023 జూలైలో పత్రికలకెక్కింది. పేరు చిన్నదయ్యేకొద్దీ ఒక్క అక్షరం తప్పుకు అది ఇంకో పేరైపోయే అవకాశం పెరుగుతుందన్నది ఇందులో మీకు పనికివచ్చే సంగతి.

ఇక ఆరు పేర్ల లెక్క చూద్దాము. ఒక్కో పేరును డాట్ కామ్‌లోనూ డాట్ ఇన్‌లోనూ తీసుకోమని అమ్మేవారు ఎలాగూ చెబుతారు కాబట్టి అవి పన్నెండవుతాయి. పదేళ్లపాటు ఏటా కట్టుకుంటూ పోతే నూట ఇరవై చెల్లింపులు. డబ్బు మాట అటుంచి, నూట ఇరవై గడువు తేదీల్లో ఒక్కటి మరిచిపోతే చాలు. ఈ మాట ఊరికే చెప్పడం లేదు. ఒంగోలులో విత్తనాల దుకాణం నడిపే ఒక మిత్రుడికి వెబ్‌సైటు పెట్టించింది నేనే. పేరు నమోదు చేసేటప్పుడు సంప్రదించవలసిన ఈమెయిల్‌గా ఆ పేరుతోనే కొత్తగా సృష్టించిన చిరునామాను ఇచ్చి, ఎంత పద్ధతిగా ఉన్నదోనని మురిసిపోయాను. ఆ చిరునామాకు వచ్చిన ఉత్తరాలను మిత్రుడు రోజూ చూసేవాడు కాదు. గడువు దాటిన రోజున పేరుతోపాటు ఆ చిరునామా కూడా చచ్చిపోయింది గనుక, తర్వాత పంపిన హెచ్చరికలన్నీ మూతబడిన తలుపునే తట్టాయి. మృగశిర కార్తెలో, రైతులు విత్తనాల కోసం తిరిగే రోజుల్లో, దుకాణం పేరు కొడితే ఎవరివో ప్రకటనలు కనిపించాయి. డాట్ కామ్ పేర్లకు గడువు దాటాక కొన్నాళ్లు వెసులుబాటు, ఆ తర్వాత జరిమానాతో విడిపించుకోవడానికి 30 రోజులు, ఆ పైన 5 రోజులకు పేరు పూర్తిగా బజారున పడటం అన్న వరుస ఉంటుంది. మేము ఆ ముప్పై రోజుల్లో మేలుకున్నాము కాబట్టి జరిమానాతో బయటపడ్డాము. ఒక్క పేరుకే అంత పాట్లు పడినవాడిని పన్నెండు పేర్లు తీసుకోమని మీకు చెప్పలేను.

ఇప్పుడు ‘మర’ సంగతి. మీ మరిది ఆలోచన మొదటి చూపుకు ముచ్చటగానే ఉన్నది. కన్నడంలో మర అంటే చెట్టు, కొయ్య. తమిళ మలయాళాల్లో మరం. ఎమ్, ఏ, ఆర్, ఏ అని నాలుగే అక్షరాలు. ముద్ర కాడ మీద హాయిగా పడుతుంది. కానీ మీ ఆరు భాషల వారినీ వరసగా నిలబెట్టి ఆ నాలుగు అక్షరాలనూ చదివించండి. తెలుగువారికి మర అంటే యంత్రం. బియ్యపు మర, పిండి మర అన్న మాటలు ఎరిగినవారికి, చేత్తో చెక్కిన సరుకును మర పేరుతో అమ్మడం చేనేత చీరను మిల్లు చీరని చెప్పి అమ్మినట్టే ఉంటుంది. హిందీ, ఉర్దూ చదివేవారికి ఆ అక్షరాలు ‘మరా’ అని వినిపిస్తాయి, అంటే చచ్చినవాడు. అన్నం వడ్డించే గరిటె మీద ఆ మాట ఉండటం ఏ ఇంటి పెద్దలకూ నచ్చదు. బౌద్ధ కథలు తెలిసినవారికి బుద్ధుడి తపస్సు చెడగొట్టడానికి వచ్చిన మారుడు గుర్తుకు వస్తాడు. ఒక భాషలో అందమైన మాట నాలుగు మైళ్ల అవతల అపశకునమయ్యే దేశం మనది. ‘చెక్క’ను కూడా ఇలాగే పరీక్షించి చూశాను: హిందీవారి చెవికి అది క్రికెట్లో సిక్సరు, అంతకంటే ఘోరంగా, హిజ్రాలను కించపరచే తిట్టు. కాబట్టి దళారికి మర్యాదగా వద్దని చెప్పండి. ఇంగ్లీషు అక్షరాలు నాలుగేసి పేర్చితే వచ్చే కూర్పులు మొత్తం 4,56,976. మూడేసి అయితే 17,576. డాట్ కామ్‌లో వాటిలో పలకడానికి వీలైనవన్నీ ఎన్నడో ఎవరి చేతుల్లోనో పడ్డాయి. అందుకే అక్షరాలు తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. ఆ ధర అక్షరాల కొరతకు పెట్టినది, మీ వ్యాపారానికి అది ఎంత పనికివస్తుందో చూసి పెట్టినది కాదు.

చిన్న పేరు అనగానే పొడి అక్షరాలు కలిపేవారు కొందరు ఉంటారు. ఉదయగిరి, వుడెన్, కట్లరీ అన్న మూడింటి మొదటి అక్షరాలు తీస్తే మూడక్షరాల పేరు వస్తుంది. కానీ దాన్ని నోటితో చెప్పేటప్పుడు యూ, డబ్ల్యూ, సీ అంటూ నోరు తిప్పవలసి వస్తుంది. ఫోనులో బీ, సీ, డీ, జీ, పీ, టీ, వీ అన్నీ ఒకటే దీర్ఘంతో ముగుస్తాయి. ఎమ్‌కూ ఎన్‌కూ తేడా తెలియదు. అందుకే మన లారీ బుకింగ్ ఆఫీసుల్లో ఈనాటికీ బీ ఫర్ బాంబే, డీ ఫర్ ఢిల్లీ అని అరుస్తూ ఉంటారు. అడ్డగీత పెట్టిన పేర్లు అంతకంటే కష్టం. ఒకరు దాన్ని డాష్ అంటారు, ఇంకొకరు మైనస్ అంటారు, విన్నవారు కింద గీత గీస్తారు. కింద గీత వెబ్‌సైటు పేరులో చెల్లనే చెల్లదు. అంకెలు కూడా వద్దు.

పేరు పొడవును నోటితో కొలవండి. రెండు మూడు అక్షరాల పలుకు, విన్నవారు మొదటిసారే సరిగ్గా కొట్టగలిగేది, మీకు కావలసిన చిన్న పేరు అదే. దీన్ని బహుభాషల మధ్య సాధించడం ఎందుకు కష్టమో ఒక మాట మీద చూపిస్తాను. గరిటెకు మరో పేరు తెడ్డు. చిన్నది, బలమైనది, మీ సరుకుకు సరిపోయేది. దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాస్తారు? మన దక్షిణాదిన ‘త’ను టీహెచ్ అని రాయడం అలవాటు, హిందీవారు టీ అని రాసి, టీహెచ్ కనబడితే ‘థ’ అని చదువుతారు. తర్వాతి ‘డ్డు’లో డీ ఒకటా రెండా, చివర యూ పెట్టాలా రెండు ఓలు పెట్టాలా అన్నవి ఒక్కొక్కరి ఇష్టం. మొదటి అక్షరానికి రెండు దారులు, నడిమి దానికి రెండు, చివరి దానికి రెండు కలిసి ఒక్క చిన్న మాటకు ఎనిమిది రాతలు తేలాయి. వాటిలో ఒకటే మీది. మిగతా ఏడు దారుల్లో వచ్చేవారు వేరే ఇంటికి చేరుతారు. గరిటెతో ఇంకో ఇబ్బంది: తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం గనుక తమిళుల రాతలో అది కేతోనూ మొదలు కావచ్చు, జీతోనూ మొదలు కావచ్చు. ప, బ లకు కూడా అదే గతి. వకారం వస్తే వీ పెట్టేవారు కొందరు, డబ్ల్యూ పెట్టేవారు కొందరు. శ, ష, స ల గొడవ చెప్పనక్కరలేదు. దీర్ఘానికి రెండు ఏలు పెట్టేవారూ ఉన్నారు, ఒకటే పెట్టేవారూ ఉన్నారు. ఇవన్నీ తీసివేయగా ఆరు భాషల వారూ దాదాపు ఒకే విధంగా రాసే హల్లులు మ, న, ర, ల, య మాత్రమే మిగులుతాయి. పేరు వీటితో కుదిరితే సగం పని అయినట్టే.

దీనికి మన జిల్లాలోనే సాక్ష్యం ఉన్నది. ఒంగోలు జాతి పశువులు ఓడలెక్కి బ్రెజిల్ చేరి, అక్కడ నెల్లూరు పేరుతో స్థిరపడ్డాయి. కానీ దారిలో ఒక ఎల్ అక్షరం పోగొట్టుకున్నాయి. మనం నెల్లూరును ఇంగ్లీషులో రెండు ఎల్‌లతో రాస్తే, వాళ్లు ఆ జాతి పేరును ఒక్క ఎల్‌తో రాస్తారు. ఇవాళ ఆ పేరును ఒక్క ఎల్‌తో వెతికినవారికి బ్రెజిల్ పచ్చిక బయళ్లలో మేసే పశువులు కనిపిస్తాయి గాని మన ట్రంకు రోడ్డు కనిపించదు. ద్విత్వాక్షరం ఉన్న పేరు తీసుకుంటే ఒంటి అక్షరపు పేరును కూడా తీసుకోక తప్పదని దీన్నిబట్టి తెలుస్తుంది. అంటే మళ్లీ రెండు పేర్లు, రెండు గడువులు.

మీ ఊరి పేరే పెట్టుకుంటే ఎలా ఉంటుందని మీరు అడగలేదు గాని, ఆ ఆలోచన రాకుండా ఉండదు. బస్సు బోర్డుల పుణ్యమా అని ఉదయగిరికి ఇంగ్లీషు రాత మన దగ్గర స్థిరపడి ఉన్నది. ఉత్తరాదివారు మాత్రం నడిమి ‘య’ను హలంతం చేసి ఉదయ్‌గిరి అంటారు, ఒక ఏ తగ్గించి రాస్తారు. అంతకంటే పెద్ద చిక్కు ఏమంటే ఉదయగిరులు చాలా ఉన్నాయి. భువనేశ్వర్ పక్కన ఒక ఉదయగిరి, మధ్యప్రదేశ్‌లో విదిశ దగ్గర గుహల ఉదయగిరి, కన్యాకుమారి జిల్లాలో కోట ఉన్న ఉదయగిరి. మన ఉదయగిరిని శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుంచి గెలుచుకున్నాడు గనుక వెతికినవారికి ముందు ఆ ముట్టడి కథే కనిపిస్తుంది, చెంచాల దాకా రావడానికి పొద్దుపోతుంది. పైగా ఉదయగిరి కొయ్య సామగ్రికి భౌగోళిక గుర్తింపు ఉన్నది. ఆ గుర్తింపు ఊళ్లో చెక్కేవారందరిదీ. ఒక ఇంటివారు ఆ పేరును మొత్తంగా తమ వెబ్‌సైటు పేరుగా పెట్టుకుంటే పక్క వీధివారికి కష్టం కలగడం సహజం. ఊరి పేరు పేజీ లోపల పెద్ద అక్షరాలతో రాయండి, తలుపు మీద మీ ఇంటి పేరు పెట్టుకోండి.

తెలుగు అక్షరాల పేరు విషయంలో మీరు విన్నది నిజమే. మన దేశపు భాషల్లో చుక్క భారత్ అన్న కొస 2014లో దేవనాగరితో మొదలైంది, తెలుగు లిపిలోనూ ఉన్నది. తెలుగువాడిగా దాన్ని చూస్తే నాకు ఒళ్లు పులకరిస్తుంది. సలహాదారుగా మాత్రం దాన్ని సింహద్వారం చేసుకోవద్దని చెబుతున్నాను. ఆ పేర్లను నడిపే యంత్రాంగానికి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అడ్డగీత తప్ప మరొకటి తెలియదు కాబట్టి తెలుగు పేరును లోలోపల ప్యూనీకోడ్ అన్న పద్ధతిలో మారుస్తారు. భ, దాని దీర్ఘం, ర, త, పొల్లు అని అయిదు గుర్తులతో రాసే భారత్ ఆ మార్పులో ఎక్స్ఎన్ అని మొదలై, రెండు అడ్డగీతలు పెట్టుకుని, పదమూడు అక్షరాల పోగుగా తేలుతుంది. కొన్ని ఫోన్లలో, కొన్ని ఫారాల్లో అందమైన మీ పేరుకు బదులు ఆ పోగే కనిపిస్తుంది. ఆ పేరుతో ఈమెయిల్ చిరునామా ఇస్తే తప్పు చిరునామా అని తోసిపుచ్చే ఫారాలు ఈనాటికీ ఉన్నాయి.

తెలుగు లిపిలోనే ఉన్న చిక్కులు వేరే. పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా మనం మధ్యలో కనబడని గుర్తు ఒకటి పెడతాము. ‘వెబ్‌సైటు’ అన్న మాటలో ‘బ్’ తర్వాత ఉన్నది అదే. ఆ గుర్తును కొన్నిచోట్ల ఉంచుతారు, కొన్నిచోట్ల తీసేస్తారు. చూపుకు ఒకటేననిపించే రెండు పేర్లు అలా రెండు చోట్లకు పోవచ్చు. గుర్రాన్ని ‘ర’తో రాయాలా బండి ‘ఱ’తో రాయాలా అన్నది మనకు ఛాదస్తపు చర్చ, యంత్రానికి అవి రెండు వేర్వేరు పేర్లు. ఇక అ, ఆ, జ, బ, ర, ల వంటి అక్షరాలు కన్నడ లిపిలో ఇంచుమించు ఇలాగే ఉంటాయి. మోసగాళ్లకు అది అవకాశం, మీకు కన్నడ గది కూడా ఉన్నది గనుక గందరగోళం రెండింతలు. ఉర్దూ సంగతి సరేసరి: కుడి నుంచి ఎడమకు సాగే రాతలో ఇంగ్లీషు చిరునామా ముక్క కలిస్తే తెర మీద ముందువెనకలు తారుమారవుతాయి, కీబోర్డును బట్టి అరబీ ‘యే’ పడితే ఒక పేరు, ఉర్దూ ‘యే’ పడితే ఇంకో పేరు. ఇన్ని తెలిసీ తెలుగు పేరు మీద మనసు చావకపోతే, అది నాకూ ఉన్న బలహీనతే కాబట్టి, ఒక్కటి తీసుకుని అసలు వెబ్‌సైటుకు దారి మళ్లించి పెట్టండి. తెలుగు కరపత్రం మీద అది శోభగా ఉంటుంది. ఎవరికైనా అది పనిచేయకపోతే అమ్మకం ఆగిపోకూడదన్నదే నా పట్టింపు.

ఒకే పేరు కింద ఆరు భాషలను అమర్చడానికి రెండు వాడుక పద్ధతులు ఉన్నాయి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచి నడుస్తున్నది ఒక పద్ధతిలో: భాష గుర్తు టీఈ ముందు వచ్చి, చుక్క తర్వాత వికీపీడియా పేరు వస్తుంది. 2017 అక్టోబరులో మొదలైన బీబీసీ తెలుగుది రెండోది: ముందు బీబీసీ పేరు, ఏటవాలు గీత, ఆ తర్వాత భాష. మీకు రెండోది చాలు. మొదటి పద్ధతిలో ఒక్కో భాషకూ విడిగా చిరునామా ఏర్పాటు, భద్రతా సర్టిఫికెట్ చూసుకోవలసిన పని ఉంటుంది. వందలాది మంది పనిచేసే సంస్థకు అది సౌకర్యం, అత్తాకోడళ్లు నడిపే దుకాణానికి బరువు. ఏటవాలు గీత తర్వాత ఐఎస్‌ఓ పట్టికలోని గుర్తునే వాడండి. కన్నడానికి కేఏ అని పెట్టాలనిపిస్తుంది, కానీ ఆ గుర్తు జార్జియా దేశపు భాషది, కన్నడానిది కేఎన్. చుక్క తర్వాత అది మనకు దీవుల దేశమైనా గీత తర్వాత నిక్షేపంలా కన్నడమే. పేజీ ఏ భాషలో ఉన్నదో గూగుల్ చిరునామాను చూసి కాక అందులోని రాతను చూసి తెలుసుకుంటుంది గనుక, గుర్తు చిన్నదైనంత మాత్రాన నష్టం లేదు. అయితే చెంచా గురించిన తెలుగు పేజీకి తమిళ చెంచా పేజీ జతగా ఉన్నదని చెప్పే ‘హెచ్‌రెఫ్‌లాంగ్’ అన్న గుర్తింపు వరసను ప్రతి పేజీలోనూ పెట్టించాలి. ఆరు పేజీలూ తమను తాము చూపుకుంటూ, మిగతా అయిదింటినీ చూపాలి. ఒకటి చూపి రెండోది తిరిగి చూపకపోతే ఆ జత చెల్లదు. వెబ్‌సైటు కట్టేవారు ఇది మరిచిపోవడం నేను చాలాసార్లు చూశాను కాబట్టి డబ్బు చెల్లించే ముందు అడిగి చూపించుకోండి.

వచ్చినవారు ఏ ఊళ్లో ఉన్నారో కనిపెట్టి వారిని ఆ భాష గదిలోకి నెట్టే ఏర్పాటు ఎవరైనా పెడతామంటే వద్దనండి. బెంగళూరులో ఉన్నంత మాత్రాన అందరూ కన్నడం చదువుతారా? చెన్నైలో స్థిరపడ్డ కావలి వారికి తమిళ పేజీ తెరుచుకుంటే వాళ్లు మన ఇల్లు కాదనుకుని వెళ్లిపోతారు. మొదటి పేజీ పైన ఆరు భాషల పేర్లు ఆయా లిపుల్లోనే ఉంటే, ఎవరి తలుపు వారే తీసుకుంటారు.

మీ ఉత్తరం చివర, ఇక్కడ అచ్చు వేయని పేర్ల వరసలో, కొట్టివేసి మళ్లీ రాసిన పేరు ఒకటి ఉన్నది. మీ అత్తమ్మను చిన్నప్పుడు ఇంట్లో పిలిచిన ముద్దుపేరని, అది వ్యాపారానికి తగదేమోనని రాశారు. దాన్ని ఇక్కడ అచ్చు వేయను. ఈ సమాధానం చదివి ఎవరైనా మీకంటే ముందు నమోదు చేసుకుంటే మీకు ద్రోహం చేసినవాడినవుతాను. ఇంతసేపూ నేను చెప్పిన తక్కెడలో దాన్నే వేసి తూస్తూ వచ్చాను. ఇంగ్లీషులో అయిదు అక్షరాలు. అందులోని హల్లులు మకారం, నకారమే. దీర్ఘం రాయాలా వద్దా అన్న సందేహానికి చోటు లేదు. డాట్ ఇన్ కలుపుకున్నా చుక్కతో ఎనిమిది. ఆరు భాషల్లోనూ దానికి చెడ్డ అర్థం నాకు కనబడలేదు, అయినా నా మాట మీద వదిలేయకుండా చెన్నైలో ఒకరికి, బెంగళూరులో ఒకరికి, హైదరాబాదు పాతబస్తీలో ఒకరికి, ఉత్తరాదిన ఉన్న మీ పాత ఖాతాదారులు ఇద్దరికి ఫోను చేసి ఆ పేరు ఒక్కసారే పలకండి. అక్షరాలు విడమరచి చెప్పకుండా, విన్నదాన్ని వాట్సాప్‌లో కొట్టి పంపమనండి. అయిదుగురిలో నలుగురు ఒకేలా పంపితే నిశ్చింతగా ముందుకు పొండి. అది ఇంతకుముందే ఎవరి వ్యాపార చిహ్నమైనా అయి ఉన్నదేమో ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ వెతుకులాట పేజీలో చూడటం మరవవద్దు. డాట్ ఇన్ పేర్ల తగాదాలకు ప్రత్యేక పరిష్కార విధానం ఉన్నది, ముందు చిహ్నం నమోదు చేసుకున్నవారి వాదనకు అందులో బలం ఉంటుంది.

నమోదు మీ పేరు మీదనో మీ అత్తమ్మ పేరు మీదనో జరగాలి, వెబ్‌సైటు కట్టే కుర్రవాడి పేరు మీద కాదు. సంప్రదింపు ఈమెయిల్, పైన చెప్పిన నా అనుభవం గుర్తుంచుకుని, ఈ కొత్త పేరుతో సంబంధం లేనిది, మీరు రోజూ తెరిచి చూసేది ఇవ్వండి. మొదటే మూడేళ్లకో అయిదేళ్లకో కట్టేయండి. డాట్ ఇన్ 2005 నుంచి నేరుగా పేరు తర్వాతే వస్తున్నది గనుక డాట్ కో డాట్ ఇన్ అని సాగదీసుకోనక్కరలేదు. కాడ మీద మూడు గుర్తులు ఆదా. డాట్ కామ్ కూడా మామూలు ధరకే దొరికితే తీసుకుని దారి మళ్లించండి, లేకపోతే దిగులు పడవద్దు.

ముద్ర అచ్చు మాత్రం తొందరపడి చేయించవద్దు. పేరు నమోదై, పేజీ తెరుచుకుని, ఆ చిరునామాకు పంపిన ఉత్తరాలు పది రోజులపాటు తప్పిపోకుండా మీకు చేరినప్పుడు అచ్చు పోయించండి. దాని మీద పేరు, చుక్క, ఇన్ అన్నవే ఉండాలి. భాష గుర్తులు వద్దు, ఎందుకంటే ఒకే గరిటె తిరువళ్లూరుకూ పోతుంది, గుల్బర్గాకూ పోతుంది. మొదటి ముద్రను అమ్మే సరుకు మీద వేయకుండా, పగిలి పక్కన పడేసిన చెంచా కాడ మీద వేసి, పొయ్యి దగ్గర చేత్తో పట్టుకుని అత్తమ్మను కళ్లజోడు లేకుండా చదవమని అడగండి.